ఫిఫా దొరలూ, ఒక్కసారి వెలిగొండకు రండి

2031 ఆసియా కప్పు ఫుట్‌బాల్ మన దేశంలో నడుపుతామని మన సమాఖ్య ఆ మధ్య ఆసియా సమాఖ్య (ఏఎఫ్‌సీ) వారి దగ్గర పేరు నమోదు చేయించుకుంది. ఇక మామూలు అనుమానాలు మొదలు. స్టేడియాలు సరిపోతాయా, గడ్డి సమంగా ఉంటుందా, లైట్లు మధ్యలో ఆరిపోవు గదా, హోటళ్ళెన్ని, రోడ్లెలా? అడిగేవాళ్ళు అన్నీ అడుగుతారు గానీ ఒక్కటి అడగరు: జట్టు ఉందా అని.

అడగకపోవడం వాళ్ళ మర్యాద. 2025 అక్టోబరులో మడ్గావ్‌లో సింగపూర్ మీద 1-2తో, నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ మీద 0-1తో ఓడి, 2027 ఆసియా కప్పు గడప కూడా తొక్కలేకపోయిన జట్టు మనది. అయితే ఆతిథ్యమిచ్చే దేశానికి అర్హత పోటీలతో పని లేదు, నేరుగా లోపలికే. కాబట్టి సమాఖ్య పెద్దల లెక్కను తప్పుపట్టడానికి లేదు. ఎవరూ భోజనానికి పిలవనప్పుడు మన పెరట్లోనే పందిరేసి, ఊరందరినీ పిలిచి, మొదటి పంక్తిలో మనమే విస్తరి ముందు కూర్చుంటే కాదనేదెవరు? నిజానికి 2027 కప్పునూ అడిగాం. 2022 డిసెంబరులో మా ప్రాధాన్యాలు వేరంటూ మనమే తప్పుకున్నాం, కప్పు సౌదీకి పోయింది. ఆ రోజు కాస్త ఓపిక పట్టుంటే సింగపూర్‌తో మొహమాటం లేకపోయేది.

సంసిద్ధత విషయంలో తెలుగు గడ్డకూ అనుభవం ఉంది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పును హైదరాబాద్‌లో పెట్టారు. ఎప్పుడయ్యా అంటే జూలై ఆఖర్న మొదలుపెట్టి ఆగస్టులోకి. ఆ నెలల్లో హైదరాబాద్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వాతావరణ శాఖ దాకా పోనక్కర్లేదు, గొడుగులు బాగుచేసేవాణ్ణి అడిగినా చెప్తాడు. వానలు దంచికొట్టాయి. మైదానం బురదైంది. ఫైనల్‌ను మూటగట్టుకుని ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి పట్టుకుపోయారు. అక్కడ ఆగస్టు 13న సునీల్ ఛేత్రి మూడు గోల్స్ కొట్టాడు, తజికిస్తాన్ 4-1తో ఓడింది, 1984 తర్వాత మళ్ళీ 2011లో ఆసియా కప్పు ఆడే యోగం మనకు పట్టింది. అంటే అప్పుడు జట్టు తయారు, మైదానం తయారు కాదు. తొమ్మిదేళ్ళకు, 2017లో అండర్-17 ప్రపంచ కప్పు మన ఇంటికొచ్చేసరికి మైదానాలు తయారు, జట్టు తయారు కాదు. రెండూ ఒకే ఏడాది కుదిరే ముహూర్తాన్ని ఏ పంచాంగకర్తా ఇంతవరకు గుణించినట్టు లేదు.

ఆ 2017 కథలో నాకు నచ్చిన పాత్ర ఆటగాడు కాదు. హావియర్ సెప్పి అనే చిలీ దేశస్థుడు, టోర్నమెంటు డైరెక్టరు. ఈయన తన బృందంతో కొచ్చికి వచ్చి చూశాడు. స్టేడియం పని నత్తనడక, శిక్షణ మైదానాల పని అంతకంటే నెమ్మది. మామూలుగా మన దగ్గరికి ఇలాంటి బృందం వస్తే ఏం చేస్తుంది? శాలువా కప్పించుకుంటుంది, పనులు శరవేగంగా సాగుతున్నాయని ఒక ముక్క చెప్తుంది, గెస్ట్‌హౌస్‌లో భోంచేసి కారెక్కుతుంది. ఈయన అలా కాదు, పత్రికల వాళ్ళ ముందే గడ్డి పెట్టాడు. మైదానానికి కాదు, పనిచేయించేవాళ్ళకు. మే 15 అని ఒక తేదీ చెప్పారు. అది దాటితే మ్యాచులు చేజారతాయన్న భయం పుట్టింది. అంతే, అప్పటిదాకా కదలని ఫైళ్ళకు కాళ్ళొచ్చాయి. అక్టోబరు 7న బ్రెజిల్, స్పెయిన్ పిల్లలు ఆ కొచ్చిలోనే ఆడారు.

ఫిఫా వారి పట్టుదలకు నలిగినవాళ్ళూ ఉన్నారు. స్టేడియం గ్యాలరీల కింద ఏళ్ళ తరబడి దుకాణాలు నడుపుకుంటున్నవాళ్ళను భద్రత పేరుతో టోర్నీ అయ్యేదాకా ఖాళీ చేయమన్నారు. వాళ్ళు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అరవై వేల మంది కిక్కిరిసే చోట, ఏదన్నా అయితే జనం త్వరగా బయటపడాలని, ముప్పై వేల లోపుకు కుదించారు. ఇంత చేసినా వాన మళ్ళీ పగబట్టింది, ఈసారి గువాహటి మీద. అక్కడి మైదానం పాడై, బ్రెజిల్-ఇంగ్లండ్ సెమీఫైనల్ కోల్‌కతాకు పరుగెత్తింది. హైదరాబాద్‌లో ఒకసారి, గువాహటిలో ఒకసారి మ్యాచులను తరిమికొట్టిన ఆ వానకు ఎవరైనా మా ఊరు కంభం అడ్రసు ఇవ్వండి బాబూ. ఇక్కడ చెడిపోవడానికి మ్యాచులేమీ లేవు.

చివరికి లెక్క చూస్తే 13,47,133 మంది వచ్చి చూశారు. అండర్-17 కప్పుల్లో అంతకు ముందు ఎక్కడా అంతమంది రాలేదు. మనవాళ్ళు మూడు మ్యాచులు ఆడి మూడూ ఓడారు, ఒక్క గోలు కొట్టారు. కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన ఆ గోలు ఫిఫా ప్రపంచ కప్పుల్లో మన దేశానికి మొట్టమొదటిది. అనుమానాలు పెట్టినవాళ్ళే చప్పట్లు కొట్టారు. స్టేడియం నిండింది కదా, ఇంకేం కావాలి?

2022లో ఆడపిల్లల అండర్-17 కప్పు దగ్గర కథ ఇంకా బాగుంది. టోర్నీ రెండు నెలల్లో ఉందనగా, ఆగస్టులో, ఫిఫా మన సమాఖ్యనే సస్పెండ్ చేసింది, బయటివాళ్ళ జోక్యం ఎక్కువైందని. దేశం మొత్తం ఉలిక్కిపడి, నెల తిరక్కముందే సర్దుబాటు చేసుకుని, అక్టోబరు 11న భువనేశ్వర్‌లో పోటీలు మొదలుపెట్టింది. మన జట్టు కెప్టెన్ అస్తం ఒరాన్. ఝార్ఖండ్‌లో గుమ్లా జిల్లా పిల్ల. ఆమె కెప్టెన్ అయ్యాక ప్రభుత్వానికి ఆమె ఇంటికి రోడ్డు లేదని గుర్తొచ్చి, హడావుడిగా వేయడం మొదలుపెట్టింది. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే రోజు కూలీకి మట్టి మోశారు. స్టేడియంలో బిడ్డ, రోడ్డు మీద తట్టతో అమ్మా నాన్నా. ఇంతకంటే సమగ్రమైన సంసిద్ధత నివేదికను ఫిఫా కూడా రాయలేదు.

ఈ సంగతులన్నీ మా ఊళ్ళో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారికి చెప్పాను. ఆయన సగం విని చెయ్యెత్తాడు.

“ఒరే అబ్బాయ్, కొచ్చి దాకా ఎందుకు? మా బళ్ళో ఫుట్‌బాల్ ఒకటుండేది, బీరువాలో. పిల్లకాయలకిస్తే పగలగొడతారని గాలి తీసి పెట్టేవాళ్ళం. ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, పొద్దున్నే సైకిల్ షాపులో గాలి కొట్టించి, తుడిచి, హెడ్‌మాస్టారి బల్ల మీద పెట్టేవాళ్ళం. ఇన్‌స్పెక్టరు గారు దాన్ని వేలితో నొక్కి చూసి, బాగుందనేవాడు.”

“మరి ఆడేదెప్పుడు మాస్టారూ?”

“ఆడితే ఇన్‌స్పెక్షన్‌కి ఏం చూపించాలిరా?”

ఆయన్నని లాభం లేదు. 2023 డిసెంబరులో రాష్ట్రమంతా ‘ఆడుదాం ఆంధ్రా’ అని ఆడించారు. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడాం. ఫుట్‌బాల్ జాబితాలోనే లేదు. పక్క రాష్ట్రంలో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచి, నాలుగేళ్ళు తిరక్కుండా పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీకి కాపురం పెట్టింది. రహీం సాబ్ శిక్షణలో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టుకు సగం నీళ్ళు పోసిన నగరం అది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. సంసిద్ధత గురించి మా పశ్చిమ ప్రకాశం వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో చంద్రబాబు నాయుడు గారు శంకుస్థాపన చేశారు. ఆ రోజు కొబ్బరికాయ ముక్క తిన్న పిల్లకాయలు ఇప్పుడు పెళ్ళిళ్ళకు సంబంధాలు వెతుకుతున్నారు, తమకు కాదు, పిల్లలకు. శ్రీశైలం నీళ్ళను నల్లమల కడుపులోంచి తేవడానికి రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. శంకుస్థాపన నాటి నుంచి వాటి తవ్వకం ముగిసేసరికి మూడు దశాబ్దాలకు దగ్గర పట్టింది. 2024 మార్చి 6న జగన్మోహన్ రెడ్డి గారు వచ్చి జాతికి అంకితం చేశారు. సొరంగాల తవ్వకం అయింది, నిజమే. నీళ్ళు నిలవాల్సిన చోట ముంపు గ్రామాల జనం మాత్రం ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నారు, పరిహారం కోసం ఎదురుచూస్తూ. వాళ్ళను కదిలించకుండా నీళ్ళు నింపడానికి లేదు. గోల్‌పోస్టులు పాతి, నెట్లు కట్టి, కప్పు కూడా పంచేశారు. బంతి మాత్రం శ్రీశైలంలో ఉంది. తర్వాత ప్రభుత్వం మారింది, తేదీలు మారాయి, మార్కాపురం సందుల్లో నీళ్ళ ట్యాంకరు హారను మాత్రం మారలేదు.

వెనకటివాళ్ళకు ఈ తెలివి లేదు. మా కంభం చెరువును చూడండి. విజయనగర రాజుల కాలంలో, దాదాపు ఐదు వందల ఏళ్ళ కిందట, వరదరాజమ్మ కట్టించిందంటారు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు, నీళ్ళు నిలిచాయి, పొలాలు పండాయి. ఇంత పని చేసిన చెరువుకు అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ వారసత్వ కట్టడమని గుర్తింపు ఇచ్చింది 2020లో. అంటే ఐదు శతాబ్దాలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి చూపిస్తే గానీ సర్టిఫికెట్ రాలేదు. వెలిగొండ చుక్క నీరివ్వకముందే అంకితం అయిపోయింది. చెరువుకు సిఫార్సు లేదు, అంతే.

అందుకని నాకో ఆలోచన వచ్చింది. ఫిఫా తనిఖీ బృందాన్ని వెలిగొండకు పిలిపిద్దాం.

వాళ్ళేదో ధర్మప్రభువులని కాదు. 2015 మేలో జ్యూరిక్ హోటల్లో తెల్లారకముందే ఫిఫా పెద్దల్ని పోలీసులు పక్క మీంచి లేపి తీసుకుపోయారు, ముడుపుల కేసులో. కాబట్టి మన పద్ధతులు వాళ్ళకు కొత్తగా అనిపించవు, త్వరగా కలిసిపోతారు. పైగా వాళ్ళకు గడ్డి మీద ఉన్న ప్రేమ మనుషుల మీద ఉండదు. బ్రెజిల్ వాళ్ళు 2014 కప్పు కోసం రాజధానిలో కోట్లు గుమ్మరించి స్టేడియం కట్టారు, మరుసటి ఏడాదికే దాని పార్కింగు స్థలం బస్సులు నిలుపుకునే డిపో అయింది. ఈ వ్యవహారం ముందే అర్థమైన దేశం ఒక్కటే, కొలంబియా. 1986 కప్పు తమకు ఇచ్చాక, 1982లో అధ్యక్షుడు బెటాంకుర్ లేచి, ఫిఫా వారి విలాసాలకు మా దగ్గర తీరిక లేదు, ఇక్కడ చేసుకోవాల్సిన పనులు చాలా ఉన్నాయన్నట్టుగా చెప్పి తిప్పి పంపాడు. కప్పు మెక్సికోకు పోయింది. అలా అనగలిగిన నాయకుణ్ణి మన దగ్గర ఊహించుకోండి. శంకుస్థాపన వద్దంటాడా? రిబ్బను కత్తిరించనంటాడా? ఊహ సగంలోనే ఆగిపోతోంది గదూ.

అయినా మాకు ఫిఫా వాళ్ళే కావాలి. వాళ్ళు మన పార్టీ కాదు, అవతలి పార్టీ కాదు. మన కులమేదో వాళ్ళకు తెలీదు. కాంట్రాక్టరు వాళ్ళ బావమరిది కాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ళ చేతిలో ఒక తేదీ ఉంటుంది, తేదీ వెనకాల ఒక బెదిరింపు ఉంటుంది. ముప్పై ఏళ్ళలో వెలిగొండకు తేదీలు బోలెడు వచ్చాయి, బెదిరింపు ఒక్కటీ రాలేదు.

డ్రిల్లు మాస్టారు ఇక్కడ పట్టుకున్నాడు. “బాగానే ఉందిరా. కొచ్చి కాకపోతే మ్యాచిని ఇంకో ఊరికిస్తామన్నారు. వెలిగొండ కాకపోతే ఏమంటారు? కొండల్ని ఇంకో జిల్లాకి ఇస్తామంటారా?”

నేను తెల్లమొహం వేశాను. ఆయనే కాసేపు గడ్డం గోక్కుని చెప్పాడు. “ప్రాజెక్టు కదలదు గానీ ప్రారంభోత్సవం కదులుద్దిగా. తేదీ దాటితే శిలాఫలకం ఇంకో నియోజకవర్గంలో పెట్టి, రిబ్బను అక్కడి ఎమ్మెల్యే చేత కత్తిరింపిస్తామనమను. రాత్రికి రాత్రి జనానికి పరిహారం పడుద్ది, కాలవలు తెగుతాయి.”

దీనికి మించిన బెదిరింపును జ్యూరిక్‌లో కూర్చున్న ఏ లాయరూ రాయలేడు. నియోజకవర్గం చేజారడమంటే ఏమిటో మా కంభానికి బాగా తెలుసు కూడా. మా పేరు మీదున్న అసెంబ్లీ సీటును 2009 ఎన్నికల నాటికి పునర్విభజన ఎత్తేసింది. అప్పట్నుంచి మేం గిద్దలూరు ఖాతాలో ఉన్నాం.

కాబట్టి ఫిఫా దొరలూ, దయచేయండి. వచ్చే ముందు మాత్రం ఎవరికీ కబురు పెట్టకండి. పెడితే రోడ్డుకు రెండు వైపులా సున్నం గీస్తారు, బ్లీచింగ్ పొడి చల్లుతారు, సొరంగం నోటి దగ్గర ట్యాంకర్లు నిలబెట్టి మీ కళ్ళ ముందే నీళ్ళు పారిస్తారు, మీరు నొక్కి చూసి బాగుందంటారు. శాలువాలు కప్పబోతే జలుబు చేసిందని చెప్పండి, ఇంకో రెండు కప్పుతారు గానీ చెప్పి చూడండి. దోనకొండలో విమానాశ్రయం ఉందని ఎవరన్నా అంటే నమ్మి టిక్కెట్టు తీసుకోకండి. ఉన్న మాట నిజమే, బ్రిటిష్ వాళ్ళు యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే అది, తర్వాత వచ్చినవన్నీ హామీలే దిగాయి. గుంటూరులో రైలెక్కితే దోనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు దాటాక కంభం వస్తుంది. మీ నీళ్ళ సీసాలు మీరే తెచ్చుకోండి.