పుష్పక పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ప్రొద్దు పొడవఁగానె పుష్పకం బెక్కవోయ్
బరువు చెప్పు నిజము భయము వలదు
ఎండ ముదిరెనేని యేటిలో దిగుదుము
ఆవకాయ సీస యవలఁ బెట్టు

అవతారిక: అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బోయిసీ నగరంలో కొలువు చేసుకునే ఒకానొక తెలుగు పైలట్, కొండల నడుమ జాన్సన్ క్రీక్ పచ్చిక మీద దిగి రెక్క కింద డేరా వేసుకుందామని మిత్రుణ్ణి పిలిచి, ముందురోజు రాత్రి చేసిన హితబోధ ఇది.

ప్రతిపదార్థం: ఓయ్ = ఇంకా సామాను సర్దని మిత్రమా; ప్రొద్దు పొడవఁగానె = తెల్లారగానే (టిఫిను చేశాక కాదు); పుష్పకంబు = సెస్నా 182ను; ఎక్కు = అధిరోహించు; బరువు = బూట్లు, జాకెట్టు, జేబులో ఫోను సహా తూగేది; నిజము చెప్పు = పెళ్లినాటి అంకె చెప్పకు; భయము వలదు = మీ ఆవిడకు చెప్పను. తక్కినవి సుగమం.

విశేషాలు: పుష్పకం అనడం అతిశయోక్తి. పుష్పకంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని ప్రతీతి. సెస్నాలో సీట్లు నాలుగే. ట్యాంకు నిండా పోస్తే నలుగురూ సామానూ కలిసి ఎగరడం సందేహమే. జాన్సన్ క్రీక్‌లో పెట్రోలు అమ్మరు కనుక తిరుగు ప్రయాణానికీ ఇక్కడే పోసుకోవాలి. గ్యాలను ఆరు పౌన్లు. అందుకే మిత్రుడి నడుము మీద కవికి అంత పట్టింపు.

మూడో పాదం బెదిరింపు కాదు, భౌతికశాస్త్రం. ఆ పచ్చిక దాదాపు 5,000 అడుగుల ఎత్తున, 3,400 అడుగుల పొడవున, ఏటి పక్కనే ఉంది. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత 5 డిగ్రీలు. మధ్యాహ్నం 30కి చేరితే గాలి పలచబడి, విమానం 8,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే నడుచుకుంటుంది. రెక్క, పంకా, ఇంజను మూడూ ఒకేసారి నీరసిస్తాయి. పరుగు పొడుగవుతుంది, పైకి లేవడం మందగిస్తుంది. ఇది చాలదన్నట్టు లోయలో సుడిగాలులు. కాబట్టి దిగడమైనా ఎగరడమైనా ఉదయమే.

శంక: పక్కనున్న ఫ్రాంక్ చర్చ్ అభయారణ్యంలో సైకిలు తొక్కడమే నిషిద్ధం గదా, చేంబర్లెన్ వంటి చోట్ల విమానాలెలా దిగుతున్నాయి? సమాధానం: 1964 నాటి చట్టం చక్రాన్ని కాదంది గాని, ఆ అరణ్యాన్ని ఏర్పరచిన 1980 చట్టం అప్పటికే ఉన్న విమానపు బయళ్లను కాపాడింది. సైకిలు పాపం ఆ వేళకు లాబీయింగుకు అందలేదు కాబోలు.

ఆవకాయ విషయమై వ్యాఖ్యాతలు రెండు పాయలు. సీసా బరువని ఒకరు. నల్ల ఎలుగులు తిరిగే చోట వాసనగల తిండి డేరాలో ఉంచరాదు, 'అవల' అంటే డేరాకు దూరంగా అని మరొకరు. రెండోదే సమంజసం; సీసా ఎంత తూగుతుంది గనుక?

పాఠభేదం: నాలుగో పాదాన్ని మిత్రుడు 'యొడినిఁ బెట్టు' అని చదువుతాడు. యతి చెడింది, బరువూ తగ్గలేదు. అయినా అతడా పాఠాన్నే ఆచరించాడు.