సూపర్ లగ్జరీలో ఏసీ ఉండదు

మా అమ్మకి ఎనభై దాటాయి. ఆవిడకి వచ్చిన మంగళహారతుల్లో సగం ఏ పుస్తకంలోనూ దొరకవు. రికార్డు చేసి దాచుకుందామని ఒక మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేసు కొన్నాను. సాఫ్ట్‌వేర్ ఉచితం అన్నారు. తీరా డబ్బా విప్పితే అందులో ఉన్నది ఒక చీటీ. చీటీ మీది కోడు కొడితే ఒక బుల్లి రూపం దిగింది. ఏ మీట నొక్కినా "ఈ సదుపాయం పై ఎడిషన్‌లో కలదు" అంటుంది.

"పైది కొనెయ్ మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. పైది ఏదో తెలియడానికే మూడు ఆదివారాలు పట్టింది.

ఆర్టీసీ బస్సుల్లో పెరిగిన ప్రాణం నాది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ... వరస నోటికొచ్చు. సూపర్ లగ్జరీలో ఏసీ ఉండదన్న జ్ఞానం కూడా ఒక మే నెల మధ్యాహ్నం చెమటోడ్చి సంపాదించుకున్నదే. కాబట్టి పేర్లకి బెదరలేదు.

ముందు క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూశాను. ఎల్ఈ, ఏఐ, ఎలిమెంట్స్, ఆర్టిస్ట్, ప్రో. "ఏఐ అంటే అదే పాడేస్తుందేమోనండీ" అంది మా ఆవిడ. పాడదు. ఈ కృత్రిమ మేధ గోల మొదలవక ముందే పెట్టుకున్న పేరది. ఆర్టిస్ట్ దగ్గర మనసు ఆగింది గానీ, దాని నెత్తిన ప్రో కూర్చుంది. కళాకారుడి పైన ఇంకెవరుంటారో నాకు అంతుపట్టలేదు.

ఏబుల్‌టన్ లైవ్ 12, 2024లో వచ్చినప్పుడు ఇంట్రో 99 డాలర్లు, స్టాండర్డ్ 439, సూట్ 749. ఇంట్రోలో 16 ట్రాకులిస్తారు. మా అమ్మకి గొంతు ఒకటే, నా చిడతలతో కలిపి రెండు.

ఎఫ్ఎల్ స్టూడియో లెక్కలు వేరు. 12 తర్వాత 2018లో ఏకంగా 20 అయింది, ఇరవయ్యేళ్ళ పండగని. ఇంటర్ తర్వాత అలాంటి ప్రమోషన్ దొరికుంటే మా మేనల్లుడు ఈపాటికి ప్రొఫెసరు. 21 తర్వాతది 2024! కొన్నవాళ్ళకి కొత్త వెర్షన్లన్నీ జన్మంతా ఉచితం, ఆ మంచితనం ఒప్పుకోవాలి. అయితే నేను చూసేనాటికి అన్నిటికన్నా చవకైన ఫ్రూటీలో గొంతు రికార్డు అయ్యేది కాదు. పల్లెవెలుగైనా ఊరు చేరుస్తుంది కదా.

ప్రో టూల్స్‌లో హెచ్‌డీ కాస్తా 2018లో అల్టిమేట్ అయింది. అంటే ఇక ఆపైన ఏమీ లేనట్టే. 2022లో ఆ మెట్టు మీదికి ఫ్లెక్స్ వచ్చింది. తర్వాత మళ్ళీ అల్టిమేట్ అన్నారు. చదివి ఊరుకున్నాను.

ఈలోగా మన చీటీ కంపెనీ, పేరెందుకులెండి, "చివరి అవకాశం, నేడే" అని ఉత్తరం పంపింది. ఆషాఢం సేల్‌లో చీరలు కొన్న అనుభవం ఉండి కూడా కొనేశాను. వారం తిరక్కుండా అదే సరుకు ఇంకా తక్కువకి పెట్టి, నాకే మళ్ళీ ఉత్తరం రాసింది.

చివరికి మేనల్లుడు రీపర్ పెట్టాడు. ఇందులో మెట్లు లేవు. ఉన్నది ఒకటే, ధరలు మాత్రం రెండు: సొంతానికి 60 డాలర్లు, పెద్ద వ్యాపారానికి 225. 60 రోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. మంగళహారతి ఏ లెక్కన వ్యాపారమని అరవై దగ్గరే ఆగాను. పళ్ళెంలో పడే చిల్లర సంగతి వాళ్ళకి చెప్పలేదు.

అమ్మని మైకు ముందు కూర్చోబెట్టాను. గొంతు సవరించుకుని అడిగింది:

"చిన్న హారతి పాడనా, పెద్దదా?"

గుండె గుభేలుమంది. "రెంటికీ తేడా ఏంటమ్మా?"

"ఏముందిరా, కర్పూరం ఎంతసేపు వెలిగితే అంత."