పడి లేచి పడి లేచి: ఒక టాహో పద్యమునకు టీకా తాత్పర్యములు

పలక కాళ్ళ గట్టి పడి లేచి పడి లేచి
పగలు మంచు మీద బతికి వచ్చి
రాత్రి గీత దాటి రంగుల దీపాల
రచ్చ కెక్కువారు రసికు లయ్య!

అవతారిక.— ఈ ఆటవెలది కర్త ఫ్రీమాంటులో సాఫ్ట్‌వేరు వృత్తి నున్నవాడు. దీనిని సోమవారమున, ఆఫీసులో, నిలుచుండి రచించెను. కూర్చుండి ఏల రచింపలేదో టీకలో తేలగలదు. అయిదుగురు మిత్రులు ఒక్క కారులో, గిన్నెడు పులిహోరతో, చక్రములకు గొలుసులు తగిలించుకొని టాహో సరస్సు దరికి బోయి, హెవెన్లీ అను కొండపై నొక పగలు, దాని దిగువ ఊర నొక రాత్రి గడపి వచ్చుట సందర్భము. ఈ వ్యాఖ్యాత ఆ కారు వెనుకసీటున నడుమ నుండెను. కావున వ్యాఖ్య తటస్థమని చెప్పజాలడు.

ప్రతిపదార్థము.— పలక = స్నోబోర్డును; కాళ్ళన్ = రెండు కాళ్ళకును; కట్టి = బిగించుకొని; పడి లేచి పడి లేచి = స్పష్టము; పగలు = లిఫ్టు టిక్కెట్టు చెల్లు వేళ; మంచు మీదన్ = మంచుమీద; బతికి వచ్చి = బతికి వచ్చి; రాత్రి = దేహము పనిచేయని వేళ; గీత దాటి = రాష్ట్రపు సరిహద్దు నతిక్రమించి; రంగుల దీపాల = కాసినోలు గల; రచ్చకున్ ఎక్కువారు = సందడిలో చేరువారు; రసికులు = రసమెరిగినవారు; అయ్య = దీని అర్థము చివర.

తాత్పర్యము.— పగలెల్ల జారి, పడి, రాత్రి పక్క రాష్ట్రమున విందు చేసికొనువారే రసికులు. ఇంతే. ఇంతటితో తృప్తి పడువారు ఇక్కడ ఆగవచ్చును.

విశేషములు.— “పలక” యందు శ్లేష కలదు. అయిదవ ఏట పలకపై ఓనమాలు దిద్దినవాడు ముప్పదియవ ఏట మరల అయిదేండ్ల పిల్లల నడుమ నిలిచి, కదలు చాపపై గుట్ట ఎక్కి, కొత్త పలకతో ఓనమాలు మొదలిడుచున్నాడు. ఆ పిల్లలు ఇతనిని దాటిపోవుచున్నారు. ఈ పలక మొదట పిల్లల కొరకే పుట్టినది. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లోని మస్కీగన్ ఊర షెర్మన్ పాపెన్ అనువాడు తన కూతుళ్ళ ఆటకు రెండు స్కీలను జోడించి బిగింపగా, అతని భార్య స్నో, సర్ఫ్ అను పదములను కలిపి స్నర్ఫర్ అని పేరు పెట్టెను. ఇది ఏ సంధియో చిన్నయసూరి చెప్పలేదు. 1977లో వెర్మాంటున జేక్ బర్టన్ కార్పెంటర్ పలకల వ్యాపారము మొదలిడెను. 1998లో నాగానోలో అది ఒలింపిక్ క్రీడ యయ్యెను. అయినను యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ కొండలును, వెర్మాంటులోని మ్యాడ్ రివర్ గ్లెన్ కొండయును నేటికిని స్కీలను రానిచ్చి పలకను రానీయవు. పంక్తిభేదము మంచు కొండమీదను తప్పలేదు.

“పడి లేచి పడి లేచి” అనుచోట పునరుక్తి దోషమని పూర్వపక్షము. ఒక్కమారు పడిన చాలదా యని ప్రశ్న. ఇట్లడుగువారు పలక ఎక్కినవారు కారు. పలకకు మడమవైపు ఒకటి, వేళ్ళవైపు ఒకటి యని రెండంచులు గలవు. వాలున దిగునపుడు ఎగువ అంచు మాత్రమే మంచును కోయవలెను. ఏమరుపాటున పలక చదునై దిగువ అంచు మంచున నాటుకొనెనా, పలక ఆగును, మనిషి ఆగడు. మడమలపై జారువాని మొగము పల్లమువైపుండును గనుక వాడు ముందునకు, అరచేతులపై బడును. వేళ్ళపై జారువాడు కొండవైపు తిరిగి యుండును గనుక వెనుకకు, తోకయెముకపై బడును. కావున మొదటి “పడి” వేరు, రెండవ “పడి” వేరు. అర్థభేదము కలదు, స్థానభేదము అంతకంటె కలదు. సోమవారమున కవి నిలుచుండుటకు రెండవది కారణము. స్వభావోక్తి అలంకారము.

మరి “లేచి” అను మాటయో? రెండు కాళ్ళు ఒక్క పలకకు బందీలైనపుడు లేచుట పడుటకంటె కష్టము. చదును నేల వచ్చెనా, వెనుకకాలు విప్పి, దానితో నేలను తన్నుచు కుంటుచు బోవలెను. స్కీలవారు కర్రలూని మన పక్కనుండి హుందాగా సాగిపోవుదురు. ఈ ఘట్టమును కవి వదలివేసెను. సిగ్గు కారణమని నా యూహ.

వర్ణనాలోపము కూడ నొకటి కలదు. ఆ కొండమీదినుండి చూచిన 1,645 అడుగుల లోతుగల టాహో సరస్సు నీలిగా, కాళ్ళకడనే యున్నట్లు కనబడును. ప్రబంధకవి కాదు గదా, పరీక్షకు వ్రాయు విద్యార్థియైనను ఒక్క పాదమైన ఇచ్చియుండును. మన కవి చూడలేదు. కాళ్ళవంక చూడకుడు, పోవలసిన దిక్కు చూడుడని నేర్పువాడు ఎంత చెప్పినను, ఆ దినమెల్ల ఇతడు పలక కొననే చూచుచుండెను. చూచినకొలది పడెను.

“గీత దాటి” అనుటపై మరియొక ఆక్షేపము. హెవెన్లీ కొండ కొంత కాలిఫోర్నియాలో, కొంత నెవాడాలో నున్నది. జారుచునే సరిహద్దు దాటవచ్చును. రాత్రి దాటుటలో వింత యేమి? పగటి గీత మంచు క్రింద నుండును, దాటినను జేబునకు భేదము లేదు. దిగువ ఊర అట్లు కాదు. నెవాడా 1931లో జూదమును చట్టబద్ధము చేసెను గనుక, వీధిలో గీత దాటిన అడుగుననే కాసినోలు నిలిచినవి. ఆ ఊరి పేరే స్టేట్‌లైన్. మఱియు కాలిఫోర్నియాలో రాత్రి 2 గంటల పిమ్మట మద్యము అమ్మరాదు. నెవాడా రాష్ట్రమునకు అట్టి గడియ లేదు. లక్ష్మణుడు గీసినది దాటవద్దనుటకు, ఇది దాటుటకే గీచినట్లున్నది.

“రచ్చ” పూర్వము రావిచెట్టు క్రింద పెద్దలు తగవు తీర్చు తావు. నేడు కుర్రవాండ్ర నోట కేకలు, కేరింతలు. కవి రెండవ అర్థమే కోరెను, కాని జరిగినది మొదటిదానికి దగ్గర. ఇరువది డాలర్లు యంత్రమున వేసినవాడు, వేయుమన్నవాడు చాలసేపు వాదించుకొనిరి. పిదప నృత్యశాల ద్వారమువరకు బోయి, లోనికి మెట్లు దిగవలెనని తెలిసి, అయిదుగురము ఏకాభిప్రాయముతో వెనుదిరిగితిమి. గదిలో అమృతాంజనము సీసా చేతులు మారెను. ఆ అంజనపు సంస్థను 1893లో స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే పిమ్మట ఆంధ్రపత్రిక, భారతి నడిపిరి. తెలుగు సాహిత్యమున కింత చేసిన అంజనము ఒక ఆటవెలదికి తోడ్పడుట వింత కాదు.

పాఠాంతరము.— “బతికి వచ్చి” అనుచోట “వెతికి వచ్చి” అని మాలో నొకడు చదువును. అతడు సెల్‌ఫోను మంచులో పోగొట్టుకొన్నవాడు. అర్థము బాగున్నది గాని, పకారముపై అత్వమునకును వకారముపై ఎత్వమునకును యతి చెల్లదు. ఫోనును దొరకలేదు.

ఇక “అయ్య”. పాదపూరణమని కొందరందురు. కాదు. శనివారము రాత్రి తొమ్మిదిన్నరకు, అనగా మన దేశమున ఆదివారము పగలు పదకొండు గంటలకు, కవికి ఊరినుండి నాయన ఫోను చేసెను. “ఏం చేస్తున్నావురా?” అని ఆయన. బోర్లా పడుకొని, దీపము లార్పి, కవి చెప్పిన ఉత్తరము నేను చెవులార వింటిని: “నిద్రపోతున్నా నాన్నా.”