పది మీటర్ల వైరు

ఉండి దగ్గర ఒక వనామీ చెరువులో ఆక్సిజన్ కొలిచే పెట్టె ఉండేది. రాత్రయితే నీళ్లలోని నాచు కూడా ఆక్సిజనే పీల్చుకుంటుంది కదా, తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే రొయ్యకి గండమే. ఆ వేళకి పెట్టె మొరాయిస్తే ఏరేటర్ వెయ్యాలని ఎవరికీ తెలీదు. అందుకే దాన్ని లైను కరెంటు మీద పెట్టలేదు. గట్టు మీది షెడ్డులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు, పైన సోలార్ ప్లేటు. అక్కణ్ణించి చెరువులో పాతిన కర్ర దాకా పది మీటర్ల మందపాటి వైరు. కర్రకి కట్టిన పెట్టెలో ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ ఆ 24 వోల్టుల్ని 5కి దించేది.

పెట్టె కట్టినాయన భీమవరంలో రేడియోలు, టీవీలు బాగుచేస్తూ తల నెరిసిన మెకానిక్. ఇంజనీరింగ్ పూర్తిచేసి వచ్చిన మేనల్లుడు దాన్ని విప్పి, కన్వర్టర్ ఇన్‌పుట్ దగ్గర పాత టీవీ బోర్డులోంచి పీకిన కెపాసిటర్ చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటి మావయ్యా, ఇంత పాతది వేశావు?"

"ఆ కండెన్సర్ జోలికెళ్లకురా అల్లుడూ. అది ఉన్నన్నాళ్లూ పెట్టె ఆగలేదు."

కుర్రాడు మీటరు పెట్టి కొలిచాడు. అతని వాదనలో తప్పు లేదు. బక్ కన్వర్టర్ కరెంటుని ధారగా తాగదు, సెకనుకి 1,50,000 గుక్కల్లో తాగుతుంది. ప్రతి గుక్కా పక్కనున్న కెపాసిటర్ నుంచే రావాలి, దూరపు బ్యాటరీ అంత వేగంగా అందివ్వలేదు. పైగా ఇన్‌పుట్ వోల్టేజీ తగ్గేకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కాబట్టి ఆ కెపాసిటర్‌కి లోపలి రెసిస్టెన్స్ ఎంత తక్కువుంటే అంత మంచిదని పుస్తకం చెబుతుంది. పాతదాన్ని ఊడదీసి, తెల్ల టేపు చుట్టి, పెన్నుతో ఏదో రాసి తుక్కు డబ్బాలో పడేశాడు. దాని చోట రెసిస్టెన్స్ దాదాపు లేని 10 మైక్రోఫారడ్ల సిరామిక్ వేశాడు. కొట్లో పవర్ సప్లై మీట మెల్లగా తిప్పి చూస్తే 5 వోల్టులు చెక్కు చెదరలేదు.

చెరువు దగ్గర బ్యాటరీకి క్లిప్పు తగిలించగానే టిక్కుమంది. కన్వర్టర్ ఐసీ కాలి లోపల షార్టయింది, బ్యాటరీ వోల్టేజీ మొత్తం 5 వోల్టుల బోర్డు మీద పడింది, సెన్సర్ కూడా పోయింది. ఆ రాత్రి రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు.

కుర్రాడూ నిద్రపోలేదు, అది మెచ్చుకోవాల్సిన సంగతి. తెల్లారేసరికి కారణం పట్టుకున్నాడు. అంత పొడుగు వైరుకి ఇండక్టెన్స్ ఉంటుంది. క్లిప్పు తగలగానే దూసుకొచ్చిన కరెంటు, కెపాసిటర్ నిండగానే ఆగదు. దాన్ని అణిచే రెసిస్టెన్స్ దారిలో లేకపోతే వోల్టేజీ దాదాపు రెట్టింపు దాకా ఎగురుతుంది. ఛార్జింగ్‌లో 27 వోల్టులున్న బ్యాటరీ అంటే 50 దరిదాపులు. ఆ ఐసీ తట్టుకునే హద్దు 45. కొట్లో మీట మెల్లగా తిప్పాడు కాబట్టి ఆ ఎగురుడు కనబడనే లేదు.

విరుగుడు కూడా లెక్కకట్టాడు. సిరామిక్ పక్కనే ఇంకో పెద్ద కెపాసిటర్, ఆ ఎగురుడుని మింగడానికి దానికి వరసలో కొంచెం రెసిస్టెన్స్. విలువలతో సహా బొమ్మ గీసి, పొద్దున్నే మావయ్య చేతిలో పెట్టాడు.

"ఇవి మన కొట్లో దొరుకుతాయా మావయ్యా, కాకినాడ నించి తెప్పించాలా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివాడు. తుక్కు డబ్బాలో చెయ్యిపెట్టి కెలికి, ఒకటి తీసి అల్లుడి అరచేతిలో పెట్టాడు. దాని మీది తెల్ల టేపు మీద కుర్రాడి రాతే:

"100 మైక్రోఫారడ్లు. లోపలి రెసిస్టెన్స్ 1 ఓం. చెత్త."

కాగితంలో అడిగినవీ అవే, 100 మైక్రోఫారడ్లు, 1 ఓం.