‘అవును’, ‘కాదు’ పెట్టెకు టీకా తాత్పర్యం

మూలం: “మీ పరికరంలో మార్పులు చేయడానికి ఈ యాప్‌ను అనుమతించాలనుకుంటున్నారా?”

టీక: ఈ యాప్‌ను = పేరు, తయారీదారు కనబడునట్టి దానిని; మీ = ఎదుట కూర్చున్నవారి, యజమానియే కానక్కరలేదు; పరికరంలో = కాశీబుగ్గ మీసేవా బల్లమీది కంప్యూటరునందు; మార్పులు = (ఇచ్చట పూర్వవ్యాఖ్యాతలు మౌనము వహించిరి); అనుమతించాలనుకుంటున్నారా = ‘అవును’ నొక్కుదురా, పని మానుకొందురా.

తాత్పర్యం: వేలిముద్ర యంత్రానికి డ్రైవర్ ఎక్కిస్తుంటే తెరంతా మసకబారి ఈ పెట్టె ఒక్కటే వెలుగుతుంది. ఆ మసక అలంకారం కాదు, మరో ప్రోగ్రాం దొంగచాటుగా ‘అవును’ నొక్కకుండా విండోస్ కట్టే అడ్డు. ఇంత కట్టుదిట్టంలోనూ ఏం మార్పో చెప్పదు. అడిగేవాడి పేరు చెప్పి, చేయబోయే పని చెప్పకుండా తీసుకున్న అనుమతి సగం అనుమతే. పలాసలో జీడిపప్పు కొనేవాడు డబ్బా మీద కంపెనీ పేరు చూసి ఊరుకోడు, గుండా బద్దా అని అడుగుతాడు. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన ఈ ప్రశ్న చీటికిమాటికి ఎదురై జనాన్ని విసిగించింది. విసిగించడానికే పెట్టామని మైక్రోసాఫ్ట్ అధికారి డేవిడ్ క్రాస్ 2008లో బాహాటంగా అన్నారు. వాడేవాళ్లు గోలపెడితే ప్రోగ్రాములు రాసేవాళ్లు అక్కర్లేని అధికారాలు అడగడం మానతారని లెక్క. ఆ లెక్క కొంత ఫలించిందనే ఒప్పుకుందాం, ఈలోగా జనం చదవకుండా నొక్కడం మరిగారు. 2009లో విండోస్ 7 ప్రశ్నల జోరు తగ్గించింది గానీ, మార్పేమిటో చెప్పే పూచీ తీసుకోలేదు.

పూర్వపక్షం: రిజిస్ట్రీ మార్పుల చిట్టా చూపితే ఎవరికి అర్థమవుతుంది? పైగా, అధికారం చేతికొచ్చిన ప్రోగ్రాం ఏం చేస్తుందో విండోస్‌కే ముందుగా తెలియదు కదా! మొదటిదానికి ఆండ్రాయిడ్ 2015లోనే జవాబు చెప్పింది: కెమెరా కావాలి, మైకు కావాలి అని విడివిడిగా అడుగుతుంది. రెండోది గట్టి ఆక్షేపణే. తెలియనప్పుడు “ఇది ఏమైనా చేయగలదు” అనే రాయొచ్చు. ‘మార్పులు’ అని మెత్తగా అనడం దేనికి? ఏం జరుగుతుందో తెలిసి ఇచ్చే అనుమతికీ, తెలియక ఇచ్చే అనుమతికీ ఉన్న ఈ తేడా పలాస, సోంపేటలున్న ఉద్దానం ప్రాంతానికి కొత్త కాదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందే ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో జనానికి అందుబాటులో ఉండాలి. సోంపేట బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నప్పుడు తగువంతా బీల నీళ్లు, పొలాలు, చేపలు ఏమవుతాయన్నదాని మీదే నడిచింది. 2010 జులై 14న దాన్ని వ్యతిరేకించిన జనం మీద పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మీసేవా బల్ల దగ్గర ‘అవును’ నొక్కినవాడికి అలాంటి అథారిటీ ఏదీ లేదు, సిస్టమ్ రీస్టోర్‌ను ముందే ఆన్ చేసి ఉంచుకుంటే తప్ప.