గుంపుల తారుమారు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

ఒక్క పేరు పెట్ట నొక్కొక్క గుంపును
తారుమారు చేసి తంత్రమిచ్చు;
పేరు లేని గుంపు పెనుగట్టు రాయిలా
చోటు వీడకుండ చూచుచుండు.

అవతారిక. ఇంటర్నెట్‌లో సర్వేలు నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్లలో లైమ్‌సర్వే ఒకటి. 2003లో పీహెచ్‌పీ సర్వేయర్ అనే పేరుతో పుట్టి 2007లో ఇప్పటి పేరు దాల్చిన ఈ తంత్రాన్ని ఎవరైనా ఉచితంగా దించుకుని తమ సర్వర్ మీద పెట్టుకోవచ్చు. ఇందులో ప్రశ్నలు గుంపులుగా, అంటే ఒక్కొక్క విషయానికి చెందినవన్నీ ఒకచోట చేరి ఉంటాయి. గుంపు వివరాలు నింపే తెర మీద ‘ర్యాండమైజేషన్ గ్రూప్ నేమ్’ అనే గడి ఒకటి ఉంటుంది. అది చాలామంది చూడకుండా దాటిపోయే గడి. దాన్ని నింపితే ఏమవుతుందో, నింపకపోతే ఏమవుతుందో చెప్పటమే ఈ పద్యం పని. వ్యాఖ్య సాగటానికి ఒక సందర్భం కావాలి గనుక, జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు మండలంలో రైతుల అభిప్రాయాలు సేకరించబూనిన ఒక సర్వేకర్తను ఊహించుకోవలసి ఉంటుంది. సర్వే కల్పితం, అందులో వచ్చే కాలువ మాత్రం నిజమైనది.

ప్రతిపదార్థం. ఒక్క పేరు = రెండు గాని అంతకు మించి గాని గుంపులకు ఒకే గుర్తుపేరును; పెట్టన్ = పెట్టగా; ఒక్కొక్క గుంపును = ఆ పేరు ధరించిన ప్రతి గుంపును; తారుమారు చేసి = ముందువెనుకలు మార్చి; తంత్రము = సాఫ్ట్‌వేరు; ఇచ్చు = జవాబు చెప్పే మనిషి ఎదుట పెట్టును; పేరు లేని గుంపు = పై గడి ఖాళీగా విడిచిన గుంపు; పెను గట్టు రాయిలా = పెద్ద కొండరాయి వలె (గద్వాల పక్కనున్న గట్టు మండలాన్ని ఇక్కడికి లాక్కురావటం అన్వయదోషం); చోటు వీడకుండన్ = ఉన్న స్థానం కదలకుండా; చూచుచుండు = తక్కినవాటి కదలికను చూస్తూ ఉండును.

తాత్పర్యం. ఒకే పేరు పంచుకున్న ప్రశ్నల గుంపులు తమకు కేటాయించిన స్థానాలలోనే ఒకదానితో ఒకటి చోటు మార్చుకుని ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుసలో కనబడతాయి. పేరు పెట్టని గుంపులు అందరికీ ఒకే చోట కనబడతాయి. ఒక్క అక్షరం కదిపితే యతి చెడే ఛందస్సులో కూర్చుని వరుసను కదపమని బోధించటం ఈ కవి గడుసుతనం.

విశేషాలు. వరుస మారితే జవాబు ఎందుకు మారాలి అనేది మొదటి శంక. మనిషి తన అభిప్రాయాన్ని పెట్టెలో దాచుకుని అడిగినప్పుడల్లా అదే తీసి ఇవ్వడు. అడిగిన క్షణంలో మనసులో మెదులుతున్నవాటితో అప్పటికప్పుడు కట్టి చెబుతాడు, ఆ మెదిలేవాటిలో అంతకు ముందరి ప్రశ్న తప్పక ఉంటుంది. దీనినే సర్వే శాస్త్రంలో క్రమప్రభావం అంటారు. 1948లో అమెరికాలో జరిగిన పరీక్ష ఇందుకు ప్రసిద్ధమైన ప్రమాణం. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానిచ్చి, చూసినది చూసినట్టు తమ పత్రికలకు రాయనివ్వాలా అని మొదటే అడిగితే మూడో వంతు కంటే కాస్త ఎక్కువమంది మాత్రమే ఔనన్నారు. అమెరికా విలేకరులను రష్యాలోకి రానివ్వాలా అని ముందు అడిగి, ఔననిపించుకుని, ఆ తరువాత అదే ప్రశ్న వేస్తే నూటికి 70 మందికి పైగా ఔనన్నారు. తమకు కావాలన్నదాన్ని ఎదుటివారికి కాదనటం ఎవరికైనా నామోషీయే గదా.

ఇక మానవపాడుకు వస్తే, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ నేలలో సాగునీటి మాట ఎత్తకుండా ఏ సర్వే సాగదు. రాయచూరు జిల్లాలో తుంగభద్ర మీద ఉన్న రాజోలిబండ ఆనకట్ట నుంచి బయలుదేరి కర్ణాటక దాటి వచ్చే ఆర్‌డీఎస్ కాలువ కింద తెలంగాణలో 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉంది. చివరి భూములకు నీరు అందటం లేదన్న మొర దశాబ్దాల నాటిది, ఆ లోటు తీర్చటానికే తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల కట్టవలసి వచ్చింది. సర్వేకర్త కాలువ నీటి గుంపును ముందు పెట్టి, పంట రేట్ల గుంపును తరువాత పెట్టి, ‘మొత్తం మీద మీ మండలంలో పాలన ఎలా ఉంది’ అనే గుంపును చివర పెట్టాడనుకుంటే, చివరి ఆయకట్టు రైతు పాలనకు వేసే మార్కులు నిజానికి కాలువకు వేసిన మార్కులే అవుతాయి. పాలనను ముందు అడిగితే అదే రైతు రోడ్డు, బడి, పింఛను అన్నీ తలచుకుని మరొక మాట చెప్పవచ్చు. ఈ రెండింటిలో ఏది అసలు మాట అనేది వ్యర్థమైన ప్రశ్న. రెండూ అతని మాటలే.

కనుక తారుమారు చేయటం వల్ల క్రమప్రభావం పోతుందనుకోవటం పూర్వపక్షం మాత్రమే. అది పోదు. అందరి మీదా ఒకే వైపు పడవలసిన బరువు తలా ఒక వైపుకు చెదిరిపోయి, సగటు ఒక పక్కకు ఒరగకుండా ఉంటుంది, అంతే. ఈ ఆలోచన తెరల కాలానిది కాదు, పొలాల కాలానిది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ ఏ మడిలో ఏ ఎరువు వేయాలో మనిషి ఇష్టానికి వదలక యాదృచ్ఛికంగా, అంటే చీటీ తీసినట్టు, నిర్ణయించాలన్నాడు. ఒకే ఎరువు ఎప్పుడూ కాలువ తల దగ్గరి మడికే దక్కితే గెలిచింది ఎరువో నీరో తేలదు మరి. ఆయన, ఫ్రాంక్ యేట్స్ కలిసి 1938లో అచ్చువేసిన పట్టికల పుస్తకంలో చెప్పిన కలగలిపే పద్ధతికి పడ్డ వారిద్దరి పేరే నేటి కంప్యూటర్లలో వరుసలు కలగలిపే పద్ధతికీ నిలిచింది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేటు పొందినది ఆ ఫిషర్ పర్యవేక్షణలోనే గనుక, ఈ శాస్త్రాన్ని తెలుగువారు పరాయిదనుకోనక్కరలేదు.

మూడు గుంపులకు ఒకే పేరు పెడితే 6 వరుసలు, నాలుగింటికి 24, పదింటికి 36,28,800 పుడతాయి. మండలంలో నలభై మందిని అడిగి పది గుంపులను తారుమారు చేసినవాడు వరుసల మధ్య పోలిక చూడలేడు, ఎందుకంటే దాదాపు ఏ ఇద్దరికీ ఒకే వరుస రాదు.

‘తంత్రమిచ్చు’ అన్నచోట మరొక సూక్ష్మం ఉంది. జవాబు చెప్పేవాడు మధ్యలో ఆపి మళ్లీ వచ్చినా వరుస మారిపోకుండా, తంత్రం ఒక సంఖ్యను అతని జవాబులతో పాటు దాచి, దాని నుంచే వరుసను పుట్టిస్తుంది. ఆ సంఖ్యను సీడ్ అంటారు; సీడ్ పత్తికి, అంటే విత్తనాల కోసం పండించే పత్తికి, పేరుపడ్డ నడిగడ్డలో ఈ మాట వినగానే ఆ పంట వేయించిన ఆర్గనైజర్ రైతుకు పడ్డ బాకీ గుర్తుకు రావటం సహజమే గాని, ఇక్కడ దానికి ప్రసక్తి లేదు. జవాబులను పట్టికగా దించుకున్నప్పుడు నిలువు వరుసలు సర్వేకర్త మొదట రాసిన క్రమంలోనే వస్తాయి. ఆ పట్టికను మాత్రమే చూసేవాడు అందరినీ ఒకే వరుసలో అడిగారని భ్రమపడతాడు.

మూడో పాదం దగ్గర ‘పేరు వేరు గుంపు’ అని పాఠాంతరం కల్పించేవారున్నారు. ఛందస్సుకు అది సరిపోతుంది గాని అర్థానికి సరిపోదు. నీరు, పంట అనే గుంపులకు ఒక పేరు, బడి, దవాఖానా అనే గుంపులకు మరో పేరు పెడితే ఇవి రాళ్లలా నిలబడవు. ఏ పేరు వారు ఆ పేరు వారితో మాత్రమే చోట్లు మార్చుకుంటారు. ఒంటరిగా ఒకే గుంపుకు ఒక పేరు పెడితే మాత్రం మార్చుకునే తోడు లేక అది నిలిచిపోతుంది.

పేరు పెట్టకూడని గుంపులేవో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పక తప్పదు. సర్వేకు ఒప్పుకుంటున్నారా అని అడిగే గుంపు మొదటనే ఉండాలి. ‘ఈ ఏడు సీడ్ పత్తి వేశారా’ అని అడిగి, ఔనన్నవారికే చెల్లింపుల గుంపు చూపమని షరతు పెట్టినప్పుడు ఆ రెండు గుంపులకూ ఒకే పేరు పెట్టటం ఘోరమైన తప్పు. చెల్లింపుల గుంపు ముందు వరుసలో పడితే అప్పటికి ‘ఔను’ అనే జవాబే లేదు గనుక తంత్రం దాన్ని చూపకుండా దాటవేస్తుంది. డబ్బు రాక తిరుగుతున్న రైతు గడి ఖాళీగా మిగిలి, నివేదికలో అతనికి ఏ ఇబ్బందీ లేనట్టు లెక్క తేలుతుంది. గుంపుల మొదట రాసే అతుకు మాటల సంగతీ అంతే. ‘ఇంతవరకు నీటి గురించి అడిగాం’ అనే వాక్యం నీటి గుంపు రాకముందే వస్తే, ఫోను పట్టుకుని ప్రశ్నలు చదివి వినిపించే కుర్రవాడితో రైతు ‘యాడ అడిగితివి సారూ’ అనక మానడు.

మరి తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలోను, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులసర్వేలోను ఈ తారుమారు లేదేమని చివరి శంక. అవి ఎన్యూమరేటర్లు కాగితం మీద నింపిన సర్వేలు. అచ్చయిన కాగితంలో గుంపులు కదలవు. పైగా అందులో అడిగినవి ఎక్కువగా అభిప్రాయాలు కావు, వివరాలు: ఇంట్లో ఎందరు, భూమి ఎంత, గొర్రెలు ఎన్ని. ముందు ఏమడిగినా గొర్రెల సంఖ్య మారదని పెద్దల మతం; ముందడిగినది రేషన్ కార్డు గురించైతే ఆ సంఖ్య కూడా కాస్త అటూఇటూ కావచ్చునని ఈ వ్యాఖ్యాత మతం.