నాలుక కింది మందు

నేను 1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టాను. గాఢమైన ఆమ్లాల మిశ్రమంలో గ్లిజరిన్‌ను చుక్కచుక్కగా కలుపుతూ అస్కానియో సొబ్రెరో నన్ను తయారు చేశాడు. నా పేరు నైట్రోగ్లిజరిన్. ఆయన నన్ను ఇసుమంత నాలుకకు రాసుకుని చూస్తే తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. రక్తనాళాలను వదులు చేసే గుణం నాలో ఉందని ఆ తలనొప్పే చెప్పింది. కానీ అప్పట్లో అందరికీ కనిపించింది నా పేలుడు గుణమే. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ నన్ను మట్టిలో ఇంకించి డైనమైట్‌గా పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం కొండలు పగలగొట్టడమే నా బతుకైంది.

డైనమైట్ ఫ్యాక్టరీల్లోని కూలీలకు సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే తలనొప్పి పట్టుకునేది. వారం నడిచేకొద్దీ తగ్గిపోయేది, మళ్లీ సోమవారం తయారు. ఎడతెగకుండా నాతో ఉంటే ఒళ్లు నాకు అలవాటు పడిపోతుంది, నా పట్టు సడలుతుంది. నా జాతి మందులను రోజూ వాడేవారికి డాక్టర్లు రోజులో కొన్ని గంటలు విరామం ఉంచేది అందుకే.

లండన్ డాక్టరు విలియం మరెల్ నన్ను ముందు తన మీదే ప్రయోగించుకుని, ఆ తర్వాత ఛాతీనొప్పి రోగులకు ఇచ్చి, 1879లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి రాశాడు. చివరి రోజుల్లో గుండెజబ్బు పడ్డ నోబెల్‌కూ డాక్టర్లు నన్నే రాసిచ్చారు.

పూడుకుపోయిన రక్తనాళాన్ని నేను తెరిచేస్తానని చాలామంది నమ్మకం. పేరుకున్న కొవ్వును నేను కరిగించలేను. కండరాల్లోకి వెళ్లాక నా నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది తగలగానే నాళాల గోడల్లోని కండరం బిగువు వదులుతుంది. కరోనరీ ధమనులూ కొంత విప్పారతాయి. కానీ నా అసలు ప్రభావం సిరల మీద. అవి వెడల్పు కాగానే రక్తం కాళ్లలో, పొట్టలో కాసేపు నిలుస్తుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. మోయాల్సిన బరువు తగ్గిన గుండెకు అంత ఆక్సిజన్ అక్కర్లేదు. నొప్పి దిగుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ రహస్యం విప్పిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతే వచ్చింది.

బీపీని రోజూ అదుపులో ఉంచే పని నాది కాదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వేరు. నాళాల గోడల్లోకి కాల్షియంను చొరనివ్వని ఆమ్లోడిపిన్ వేరు. వాటిది రోజూ నడిచే కాపలా, నేను ఆపదలో వచ్చేదాన్ని. నా వల్ల నొప్పి తగ్గిందని వాటిని మానేయడం ప్రమాదం. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెట్టవచ్చు.

తెలుగు ఇళ్లలో నాకంటే నా చుట్టం సార్బిట్రేట్ ఎక్కువ పరిచయం. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసి, ఎడమచేతికో దవడకో లాగుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లను తలచుకుంటే నాకు దిగులు. డాక్టరు మీకు రాసిచ్చిన మాత్రనే వాడండి, పక్కింటివాళ్లది వద్దు. నన్ను మింగితే కాలేయం చాలామటుకు విరిచేస్తుంది. నాలుక కింద కరగనిస్తే నేరుగా రక్తంలో కలుస్తాను. కూర్చుని వేసుకోండి, బీపీ పడిపోయి తూలే వీలుంది. మగవాళ్లు లైంగిక సమస్యకు వాడే సిల్డెనాఫిల్ వంటి మాత్ర వేసుకున్నవాళ్లు నన్ను ముట్టుకోకండి, ఆ సంగతి డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. నన్ను వచ్చిన గాజుసీసాలోనే, వేడి తగలకుండా ఉంచండి. మాత్ర వేసుకున్న అయిదు నిమిషాలకూ నొప్పి తగ్గకపోతే ఇంకెవరినీ అడగకండి, 108కి ఫోన్ చేయండి.